గురకకు సాక్ష్యం

భర్త: రాత్రి నువ్వు రికార్డు చేసిన శబ్దానికి, దాన్ని తరంగాలుగా విడగొట్టే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ కట్టి చూశాను. ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయో కనిపిస్తోందే గాని, గురక ఏ వేళకు మొదలైందో ఎక్కడా లేదు. వేళ తేలని నేరాన్ని నా మీద మోపడం న్యాయం కాదు.

భార్య: వేళ సంగతంతా తరంగాల దశల్లో, అంటే ఒక్కో అల ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెల్లో, దాగి ఉంటే, ఆ దశలను వదిలేసి పరిమాణాలను మాత్రమే పటం గీశారు. సాక్షిని గదిలో పెట్టి తాళం వేసి, సాక్ష్యం లేదంటున్నారు.

భర్త: అయితే 1946లో భౌతిక శాస్త్రవేత్త గాబోర్ చూపిన దారిలో రాత్రిని సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిద్దాం.

భార్య: ముక్క పొట్టిదైతే మీ గురక ఎంత మంద్రమో సరిగా తేలదు, పొడుగుదైతే నేను మిమ్మల్ని తట్టిన చప్పుడు ఏ క్షణానిదో తేలదు. ఇంటిల్లిపాదికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినట్లుంటుంది. వేవ్‌లెట్‌కు ఆ చిక్కు లేదు. అది పుట్టి, కాసేపు ఊగి, అణిగిపోయే చిన్న అల. సాగదీస్తే మంద్రస్వరాలను, కుదిస్తే చురుకైన చప్పుళ్లను పట్టుకుంటుంది, పక్కకు జరుపుతూ పోతే వేళ కూడా చెబుతుంది. చమురు కోసం భూమి లోపలి ప్రతిధ్వనులను చదివిన ఫ్రెంచి ఇంజినీరు మోర్లేకు 1980ల తొలినాళ్లలో ఇదే అక్కరకు వచ్చింది.

భర్త: పుట్టి, ఊగి, అణిగిపోయేది నీ కోపం కదూ?

భార్య: వేవ్‌లెట్ సగటు సున్నా కావాలండీ. నా కోపానికి ఆ అర్హత లేదు.

భర్త: సరే, లెక్క చూపించు.

భార్య: 1910లో గణితజ్ఞుడు హార్ ప్రచురించిన పద్ధతి అన్నిటికన్నా సులువు. వరుసగా నాలుగు క్షణాల హోరు 8, 6, 7, 3 అనుకోండి. జంటల సగటులు 7, 5. తేడాలో సగాలు 1, 2. ఆ సగటులను మళ్లీ జత చేస్తే సగటు 6, తేడాలో సగం 1. చివరికి 6, 1, 1, 2 మిగులుతాయి. వీటిని కూడుతూ, తీసివేస్తూ వెనక్కి నడిస్తే మొదటి నాలుగు అంకెలూ పొల్లుపోకుండా తిరిగివస్తాయి.

భర్త: ఇలా మిగిలిన అంకెల్లో, అంటే గుణకాల్లో, చిన్నవాటిని రొదగా ఎంచి సున్నా చేయవచ్చునని విన్నాను. ఆ హద్దుగీత ఎక్కడ గీయాలో నాకు వదిలెయ్యి.

భార్య: మీ గురక దిగువన పడేంత ఎత్తున గీత గీస్తే, రాత్రి నేను అన్న మాటలు కూడా మొత్తం సున్నా అయిపోతాయి.

భర్త: (గీతను మరికాస్త పైకి జరుపుతూ) నాకేమీ అభ్యంతరం లేదు.