కారణం తెలిసింది, మరి కదలరేం?

క్యాన్సర్‌కి మందు ఎప్పుడొస్తుంది అని అడగనివాళ్లుండరు. ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. క్యాన్సర్ ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బులకు ఉన్న ఉమ్మడి పేరు. ఒక్క మాత్రతో అన్నీ పోవాలంటే అయ్యే పని కాదు. మేం అడిగేది వేరు: ఇప్పటికే తెలిసిపోయిన కారణాల సంగతేంటి?

పాత లెక్కలు తిరగేస్తే సిగ్గేస్తుంది. పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకి వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కి మసే కారణమని లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు. చిన్నపిల్లల్ని ఆ గొట్టాల్లోకి ఎక్కించడం బ్రిటన్‌లో నిజంగా ఆగింది మాత్రం 1875 చట్టంతో. అంటే వందేళ్లు!

సిగరెట్ విషయంలోనూ ఇదే వరస. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందో తేల్చడానికి బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో రోగుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగించారు. డాల్ మొదటి అనుమానం కార్ల పొగ మీద, రోడ్లకి వేసే తారు మీద. తీరా 1950లో లెక్క బయటపెడితే, ఆ క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరంటే ఇద్దరే, వేరే జబ్బులతో చేరిన అంతేమందిలో 27 మంది. సర్వే పూర్తికాకముందే డాల్ సిగరెట్ మానేశాడు. ప్రభుత్వాలకి అంత తొందరేముంది, పొగాకు మీద అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది 2005లో.

ఈ ఆలస్యానికి జబ్బు స్వభావం కూడా తోడైంది. పొగలోని రసాయనాలు కణంలో డీఎన్ఏని కొద్దికొద్దిగా చెడగొడతాయి, ఒక్క దెబ్బకి ఏమీ కాదు, అలాంటివి పోగుపడి గడ్డగా తేలేసరికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. పొగాకు కంపెనీలు జనంలో అనుమానాలు నాటింది సరిగ్గా ఈ సందులోనే.

అలాగని రోగిని నిలబెట్టి 'నీ అలవాట్లే నీకీ గతి తెచ్చాయి' అనడం మాత్రం దుర్మార్గం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నివారించగలిగేవి 30 నుంచి 50 శాతం. మిగతావాటిలో వయసు ఉంది, వారసత్వం ఉంది, కణం రెండుగా చీలేటప్పుడు దానంతటదే జరిగే పొరపాట్లూ ఉన్నాయి. ఏ చెడు అలవాటూ లేనివాళ్లకీ వస్తుంది.

కారణం వెతకడం వల్ల ఒరిగేదేంటి అనేవాళ్లకి ఒకటి చెప్పాలి. 1960లో ఒకరకం రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము మామూలు కంటే పొట్టిగా ఉందని ఫిలడెల్ఫియాలో ఇద్దరు పరిశోధకులు గమనించారు. అది 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైన ఫలితమని 1973లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ చూపించారు. ఆ తారుమారువల్ల పుట్టే ప్రోటీన్‌నే అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందు 2001లో వచ్చింది. ప్రాణం తీసే జబ్బు చాలామందికి రోజూ మాత్ర వేసుకుని నెట్టుకొచ్చే జబ్బయింది. అన్ని క్యాన్సర్లకీ ఇలాంటి అదృష్టం లేదు, నిజమే. కానీ కారణం పట్టుకోకుండా ఇది వచ్చేదే కాదు.

ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దాదాపు ప్రతి కేసు వెనకా హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వైరస్సే ఉంది. ఈ సంగతి కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హాసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. టీకా 2006 నుంచీ ఉంది, ఆడపిల్లలకి ఒక్క డోసు చాలని 2022లో ఆరోగ్య సంస్థే చెప్పింది. అదే 2022లో ఈ క్యాన్సర్‌తో చనిపోయిన ఆడవాళ్లు సుమారు మూడున్నర లక్షల మంది, అందులో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాల వాళ్లు. ఇక్కడ సైన్సు చేయాల్సింది చాలావరకు చేసేసింది. 2030 నాటికి ఆడపిల్లల్లో 90 శాతం మందికి 15 ఏళ్లు వచ్చేలోపే టీకా అన్న ఆరోగ్య సంస్థ లక్ష్యానికి తలూపిన ప్రభుత్వాలు, ఏ ఏడాది ఎంతమందికి వేస్తాయో, దానికి ఎంత డబ్బు పక్కనపెట్టాయో బడ్జెట్‌లో అంకెలతో చూపించాలి.