వంద మిల్లీగ్రాములే కదా అన్నారు

నిన్న సాయంత్రం అక్క మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి రెండుసార్లు ఉత్త గాలిని పట్టుకుంది. మూడోసారి గ్లాసు కింద పడింది. నడవాలంటే గోడ పట్టుకోవాలి, మాట ముద్దగా వస్తోంది, పక్కకు చూస్తే కనుగుడ్లు నిలకడ లేకుండా అదురుతున్నాయి. రెండు వారాల క్రితం ఆమె ఫిట్స్ రాకుండా వేసుకునే ఫెనిటోయిన్ మందు మోతాదును రోజుకు 300 నుంచి 400 మిల్లీగ్రాములకు పెంచారు. తూలుతోందని ఫోను చేస్తే డాక్టరు గారు "పెంచింది వంద మిల్లీగ్రాములే కదా, నీరసమై ఉంటుంది" అన్నారు.

వందే కదా! ఈ మందు దగ్గర కూడికల లెక్క పనిచేయదని వైద్యం చదివినవారికి నేను చెప్పాలా? దీన్ని విరిచి బయటికి పంపే కాలేయంలోని ఎంజైములకు ఒక హద్దు ఉంది. అది నిండాక మోతాదు కొంచెం పెంచినా రక్తంలో మందు అమాంతం ఎగబాకుతుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. 20 దాటితే కళ్లు అదరడం, 30 దాటితే తూలడం మామూలే. ఈ ఉదయం మేమే పట్టుబట్టి పరీక్ష చేయిస్తే 34 వచ్చింది. ఆ పరీక్ష మోతాదు పెంచే ముందు ఎందుకు రాయలేదు?

1938 నుంచి మూర్ఛకు వాడుతున్న మందు కాబట్టి అంతా తెలిసిందేనన్న ధీమా. 1968లో ఆస్ట్రేలియాలో క్యాప్సూల్లో కలిపే పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చినందుకే, అదే మోతాదు వేసుకుంటున్నవాళ్లు విషప్రభావంతో ఆసుపత్రి పాలయ్యారు. అంత సున్నితమైన మందు ఇది. ఇది చదివి ఎవరూ మాత్ర మానేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు.

నా కోపం నిన్న మొదలైంది కాదు. అక్కకు పదహారేళ్లప్పుడు చిగుళ్లు ఉబ్బి సగం పళ్లను కప్పేశాయి. పళ్లు సరిగ్గా తోముకోవని ఇంట్లో అందరం తిట్టాం. నేనూ తిట్టాను. మూడేళ్ల తర్వాత పళ్ల డాక్టరు నోట్లోకి చూసీ చూడగానే "ఫిట్స్‌కు ఏం మందు వాడుతున్నావమ్మా?" అని అడిగారు. ఈ మందుతో చిగుళ్లు పెరుగుతాయని 1939లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. మాకు మాత్రం చీటీ రాసిన చేతుల్లో ఒక్కటీ చెప్పలేదు. ఎముకలు పలచబడతాయని, విటమిన్ డి చూసుకోవాలని, గర్భం దాల్చే ముందే డాక్టరుతో మాట్లాడాలని కూడా చెప్పలేదు.

చిగుళ్లు కోయించుకుని ఏళ్లు గడిచినా, ఫొటో తీస్తామంటే అక్క అరచెయ్యి ఇప్పటికీ నోటి మీదికే వెళుతుంది.