గో-అరౌండ్ చేసిన పైలట్‌కు మెమో ఎందుకివ్వరు?

పౌర విమానయాన శాఖ తక్షణం పట్టించుకోవాల్సిన అరాచకం ఒకటి మన డబ్బుతో, మన నెత్తి మీదే సాగుతోంది. దాని పేరు గో-అరౌండ్.

విమానం దిగుతూ ఉంటుంది. చక్రాలు బయటికొచ్చాయి, రెక్కల వెనక ఫ్లాప్స్ విచ్చుకున్నాయి, కిటికీలోంచి చూస్తే శంషాబాద్ బండరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఇంకో 300 అడుగులు దిగితే నేల. సరిగ్గా అప్పుడే పైలట్‌గారికి ఏదో నచ్చదు. థ్రస్ట్ లీవర్లు ముందుకు తోస్తారు, విమానం ముక్కు పైకెత్తుతారు, పైకి ఎక్కుతోందని ఖాయం కాగానే చక్రాలు లోపలికి లాగిస్తారు. టవర్‌కు ‘గోయింగ్ అరౌండ్’ అని ఒక్క ముక్క చెప్పి మళ్లీ ఆకాశంలోకి చెక్కేస్తారు. చుట్టు తిరిగొచ్చి దిగడం మళ్లీ మొదలు.

ఎందుకయ్యా అంటే సాకులకు కొదవ లేదు. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదంటారు. గాలి ఉన్నట్టుండి తిరగబడిందంటారు. రన్‌వే మీద కుక్క ఉందంటారు. అన్నిటికన్నా విడ్డూరం, అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగివచ్చే తీరు, ‘స్టేబుల్’గా (కుదురుగా) లేదనడం. వేగం, ఎత్తు, దిగే తీరు అన్నీ ముందుగానే లెక్కకు కుదరాలట. మబ్బుల్లో అయితే 1,000 అడుగుల దగ్గర, నేల బాగా కనిపించే వాతావరణంలో అయితే 500 అడుగుల దగ్గర చూసుకుని, కుదరకపోతే మారు మాట్లాడకుండా లేచిపోవాలట. వేగం కాస్త ఎక్కువైతే కొంప మునిగిపోతుందా? దేశమంతా సర్దుకుపోయి నడుస్తుంటే వీళ్లొక్కరికీ ఎందుకంత పట్టింపు?

ప్రయాణికుడి బాధ ఎవరికీ పట్టదు. నడవ పక్క సీట్లో పెద్దాయన అప్పటికే బెల్టు తీసేసి, ‘దిగిపోయాంరా, కారు తెచ్చెయ్’ అని కొడుక్కి ఫోన్ చేసేసి, పైన పెట్టిన పూతరేకుల డబ్బా మీద కన్నేసి ఉంటారు. ఇంతలో ఇంజిన్లు ఒక్కసారిగా హోరెత్తి, వీపు సీటుకు అతుక్కుపోతుంది. కాక్‌పిట్ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ముందు విమానం సంగతి, తర్వాత వెళ్లాల్సిన దారి, ఆ తర్వాతే మాటలు అని వాళ్లకు శిక్షణలో నూరిపోస్తారు. ఆ మాటల్లోనూ టవర్ ముందు, మనం ఆఖరు. ‘ఇంజిన్ ఫెయిలైనట్టుందండీ’ అని పెద్దాయన తేల్చేస్తారు. రెండు ఇంజిన్లూ ప్రాణం పెట్టి పనిచేస్తున్నప్పుడు ఆ అనుమానం రావడం సహజమే. రాహుకాలం వచ్చేలోపు గృహప్రవేశానికి చేరాలని టికెట్ కొన్నవాళ్ల సంగతి సరే సరి.

ఆ మాత్రం స్పందిస్తున్నది మన టీవీ చానళ్లే. ‘గాల్లో విమానం చక్కర్లు... తృటిలో తప్పిన పెను ప్రమాదం’. చలికాలంలో గన్నవరం మీద పొగమంచు కమ్మి, విమానాలు దిగడానికి అనుమతి కోసం పైన తిరుగుతున్నా ఇదే స్క్రోలింగ్, ఇదే మ్యూజిక్. ప్రమాదం తప్పిందన్న మాట నిజమే. తప్పించిందెవరో కనుక్కునే తీరిక మాత్రం స్టూడియోలో ఎవరికీ ఉండదు. అదే పైలట్ ఎలాగోలా దింపేసి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్లం. మెత్తగా దింపినవాడే మొనగాడు మనకు. తడిసిన రన్‌వే మీద కాస్త గట్టిగా దింపడమే మంచిదని చెబితే ఎవరు వింటారు?

అసలు ఘోరం నిబంధనల్లోనే ఉంది. గో-అరౌండ్ చేసిన పైలట్‌ను శిక్షించకూడదని విమాన సంస్థలు విధానమే పెట్టుకున్నాయి. ఇంధనం తగలేసి, టైం తినేసి, పని పూర్తి చేయకుండా వెనక్కి పోయినవాడికి మెమో లేదు, ఇంక్రిమెంట్ కోత లేదు! ఏ తాలూకా ఆఫీసులోనైనా ఈ వేషాలు సాగుతాయా? ‘ఈ పని ఇలా చేస్తే చెడుతుంది, మళ్లీ మొదలుపెడదాం సార్’ అన్న గుమాస్తాను మర్నాడు ఏ మారుమూలకు బదిలీ చేస్తారో అందరికీ తెలుసు. పైగా కో-పైలట్ కూడా గో-అరౌండ్ అనొచ్చట! పెద్దవాళ్లు పని చేస్తుంటే పక్కనున్న కుర్రాడు వద్దనడం ఏ ఇంటి మర్యాద?

2010 మే 22న మంగళూరులో మాత్రం మన మర్యాదే నిలిచింది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండాల్సిన ఎత్తు కన్నా చాలా పైనుంచి దిగుతోంది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ అన్నారు. కెప్టెన్ ఆగలేదు. కొండ మీద కట్టిన ఆ రన్‌వే సగం దాటిపోయాక గానీ చక్రాలు నేలకు తగల్లేదు. 158 మంది పోయారు, 8 మంది బతికారు. కో-పైలట్ మాట కాక్‌పిట్ రికార్డర్‌లో మిగిలింది.

అయినా నాబోటి సంప్రదాయవాదులు మరీ బెంగపడనక్కర్లేదు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క తీసింది. కుదురు లేని అప్రోచ్‌లు వంద జరిగితే, గో-అరౌండ్ చేసేది సుమారు 3 సార్లేనట. మిగతా 97 సార్లు సర్దుకుపోయి దిగేస్తున్నారు. దాదాపు ఎప్పుడూ ఏమీ కాదు కాబట్టి మళ్లీసారీ అలాగే దిగుతారు. ఇక ఆ మూడింటి సంగతి అంటారా, చానళ్లు చూసుకుంటాయి.