రెండు ఆశ్వాసాల మిల్టన్

వలస పాలకులు మన విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యాన్ని బోధించారని అంటాం కానీ, ఆ సాహిత్యంలో ఎంత భాగం, ఏ రూపంలో వారి చేతికందిందో చూడకుండా ఆ మాటకు నిండైన అర్థం రాదు. మెకాలే సూచనతో, కలకత్తా హిందూ కాలేజీలో బోధించిన డి.ఎల్. రిచర్డ్‌సన్ 1840లో చాసర్ మొదలు తన కాలం వరకు ఉన్న బ్రిటిష్ కవుల నుంచి ఒక సంకలనాన్ని కూర్చాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడి పరీక్షలే చదువును శాసించడం మొదలయ్యాక, నోట్సుతో కూడిన ప్రతులకు పెద్ద మార్కెట్టు ఏర్పడింది. మాక్మిలన్ ప్రచురణ సంస్థకు షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించిన, అంటే పాఠం సరిచూసి నోట్సు చేర్చిన, కె. డైటన్ ఆగ్రా కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు రో, వెబ్ టెన్నిసన్ కవితలను ఏర్చి 1888లో నోట్సుతో ప్రచురించేనాటికి ఆ కవి ఇంకా బతికే ఉన్నాడు.

ఈ పరిష్కర్తల శ్రమను నేను తక్కువ చేయను. గ్రంథాలయం అందుబాటులో లేని ఊరి విద్యార్థికి, గ్రీకు పురాణాలు, బైబిల్ కథలు, మంచు కురిసే శీతాకాలం ఏవీ ఎరగనివాడికి, పుస్తకం చివరి ఆ వివరణలే దిక్కు. నా అభ్యంతరం కావ్యాల నుంచి భాగాలను ఏరిన తీరు మీద, ఆ వివరణలను పరీక్ష వాడుకున్న తీరు మీద.

ఇంగ్లీషు కవి మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' దేవుడిపై తిరగబడి నరకంలో పడ్డ సైతాను, అతని వల్ల ఆదాము, హవ్వ స్వర్గవనాన్ని కోల్పోవడం చెప్పే పన్నెండు ఆశ్వాసాల కావ్యం. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల ఆచార్యుడు మైకేల్ మాక్మిలన్ విద్యార్థుల కోసం పరిష్కరించిన ప్రతిలో ఉన్నవి మొదటి రెండే. స్వర్గంలో ఊడిగం చేయడం కన్నా నరకాన్ని ఏలడమే మేలని సైతాను ప్రకటించేది మొదటి ఆశ్వాసంలో. అదే సైతాను పదో ఆశ్వాసంలో తన విజయగాథ చెప్పుకొని, జేజేలు వినపడతాయని ఎదురుచూస్తుండగా, అనుచరుల నోటి నుంచి పాము బుసలు వినపడతాయి, తానూ పామై నేలకూలుతాడు. అతని ఔన్నత్యాన్ని మిల్టన్ ఎందుకంత ఎత్తున నిలబెట్టాడో తెలిసేది ఆ పతనం దాకా చదివినవాడికే. రెండు ఆశ్వాసాల దగ్గర ఆగినవాడికి మిగిలేది వాక్చాతుర్యం. పరాయి పాలనలో ఉన్న యువకుడు ఆ మాటలను ఎలా తీసుకున్నాడో అడిగే తావు పరీక్షలో లేదు. వాక్యానికి అన్వయం చెప్పి, పురాణ ప్రస్తావనను వివరిస్తే మార్కులు పడేవి. సందర్భసహిత వ్యాఖ్య రాయమనే ప్రశ్న మన తరగతి గదులను నేటికీ వదల్లేదు, దాని వెంట నోట్సు బట్టీపట్టే అలవాటూ వదల్లేదు.

ఆ చదువులోంచే వచ్చినా దాని హద్దుల్లో ఆగనివారు మనకు ఉన్నారు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఛాయలున్న తన నవల 'రాజశేఖర చరిత్రము'ను కందుకూరి వీరేశలింగం గోదావరి తీరపు ధవళేశ్వరంలో నిలబెట్టి, జ్యోతిష్యం, రసవాదం వంటి మన మూఢనమ్మకాలను అందులోకి తెచ్చాడు. గోల్డ్‌స్మిత్ నవలను మొదటి నుంచి చివరి వరకు ఒక కుటుంబ కథగా చదివి ఉండకపోతే, రాజశేఖరుడి ఇల్లు చితికిపోయి మళ్లీ నిలదొక్కుకునే క్రమాన్ని అంత పట్టుగా అల్లడం ఆయనకు సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.