"నెలలో డిమెన్షియా మాయం" అన్న సందేశానికి జవాబు

డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే జబ్బు. దాని గురించిన ఈ సందేశాన్ని నాకు నలుగురు పంపారు. దాని సారాంశం ఇది: "రోజూ పాత పాటలు వినిపించండి, గంటసేపు గట్టిగా వ్యాయామం చేయించండి. నెలలో డిమెన్షియా పోతుంది, జ్ఞాపకశక్తి తిరిగి వస్తుంది, మందులు మానేయవచ్చు." పంపినవారి మనసు మంచిదే. సందేశమే తప్పుల కుప్ప.

"కన్నబిడ్డ పేరు మరచిన తల్లి పాటంతా పాడింది. అంటే జ్ఞాపకం తిరిగి వచ్చినట్టే కదా!"

పాడటం నిజమే. అయితే పోయినదేదీ తిరిగి రాలేదు, పోకుండా మిగిలినది బయటపడింది. చిరకాలంగా ఎరిగిన పాటలను గుర్తుపట్టే మెదడు భాగాలను ఆరోగ్యవంతుల్లో గుర్తించి, అల్జీమర్స్ (డిమెన్షియాకు ప్రధాన కారణమైన జబ్బు) ఉన్నవారి మెదళ్లతో పోల్చిన అధ్యయనం 2015లో వెలువడింది. ఆ భాగాలు మిగతావాటికన్నా తక్కువగా కుంచించుకుపోయాయి. అందుకే చరణం చివరిదాకా పాడిన మనిషి, పక్కన కూర్చున్నది ఎవరో చెప్పలేకపోవచ్చు. "పాట గుర్తుంది, నేను గుర్తులేనా?" అని కూతురు కుమిలిపోతుంది. అనవసరమైన ఈ బాధను అంటగట్టేవి ఇలాంటి సందేశాలే.

మరి పాటతో ఒరిగేదేమిటి? 22 అధ్యయనాలను పరిశీలించిన 2018 నాటి కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం, కనీసం ఐదు విడతల సంగీత చికిత్సతో దిగులు తగ్గుతుంది, ప్రవర్తనలోని చిక్కులు మొత్తంమీద కొంత సర్దుకుంటాయి. ఆలోచనాశక్తిలో మాత్రం పెద్ద మార్పు కనబడలేదు. దిగులు తగ్గడం చిన్న విషయమా?

"ఎంత గట్టిగా చేయిస్తే అంత మేలు."

దీన్ని బ్రిటన్‌లో 494 మందితో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నాలుగు నెలల కఠిన వ్యాయామంతో ఒంట్లో సత్తువ పెరిగింది. ఏడాది తిరిగాక చూస్తే ఆలోచనాశక్తి మెరుగుపడలేదు సరికదా, వ్యాయామం చేయనివారితో పోలిస్తే రవ్వంత తక్కువగానే ఉంది. అలాగని కదలకుండా కూర్చోబెట్టకూడదు. ఫిన్లాండ్‌లో అల్జీమర్స్ ఉన్న 210 మందిపై జరిగిన పరిశోధనలో, వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు వ్యాయామం చేసినవారు తక్కువసార్లు పడిపోయారు. ఇంటివద్దే చేసినవారిలో సొంత పనులు చేసుకునే శక్తి, వ్యాయామ శిక్షణ లేనివారికన్నా నెమ్మదిగా తగ్గింది. ఇక బలవంతం సంగతి. మోకాలు నొప్పి అని చెప్పలేని మనిషి చేయి విదిలించుకుంటే దాన్ని మొండితనం అనుకుంటాం.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో నాకు ఒక అనుమానం ఉంది. డిమెన్షియా ముప్పును పెంచే 14 కారణాల్లో శారీరక శ్రమ లేకపోవడం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో పేర్కొంది. అది జబ్బు రాకముందు ముప్పు తగ్గించుకోవడం గురించిన మాట. దాన్నే ఎవరో వచ్చాక నయం చేసే చిట్కాగా మార్చేశారు.

"మందులు మానేయవచ్చు." వద్దు. డిమెన్షియా మందులూ దాన్ని నయం చేయవు, నిజమే. కానీ ఏది ఆపాలో, ఎలా తగ్గించాలో వైద్యులు చెప్పాలి. ఈ మాట నమ్మి రక్తపోటు మాత్రలు కూడా ఆపేస్తే ప్రమాదం ఇంకా పెద్దది.

"ఏ పాటైనా సరే." ఇదీ కాదు. వారి యవ్వనంలో విన్నవి, వారికి ఇష్టమైనవి కావాలి. టీవీ మోగుతుండగా పాట పెడితే రెండూ రొదే. కొన్ని పాటల వెనుక చావు కబుర్లు, తెగిపోయిన బంధాలు ఉంటాయి. పాట మొదలయ్యాక ఫోను వైపు కాకుండా వారి ముఖం వైపు చూడండి. నుదురు ముడుచుకుంటే ఆపేయండి.