డీఏపీ బస్తా గారూ, ఈసారికి వసారాలోనే ఆగండి

మహారాజశ్రీ భాస్వరం ఎరువు డీఏపీ బస్తా గారికి, కళ్యాణదుర్గం పక్కన ఎర్రనేలలో శెనక్కాయ పెట్టేటోడు దండం పెట్టి రాసేదేమంటే.

మొన్న మీకోసం పొద్దున్నే లైన్లో నిలబడితే ఆధార్ అడిగినారు, వేలిముద్ర వేయించుకున్నారు, కడాకి మేం అడగని ఇంకేదో బాటిల్ కూడా కొంటేనే మిమ్మల్ని పంపిస్తామన్నారు, మా చెల్లెలి పెళ్ళికి కూడా ఇంత తంతు జరగల్యా. సరే, కట్నంతో సహా తెచ్చుకున్నాం.

మీ పరువు తీసింది మా పిన్ని కొడుకు. అగ్రి బీఎస్సీ. మా చేలో ఒక చెట్టు పీకి, వేళ్ళు కడిగి, ఏదో మందునీళ్ళలో ఉడకబెట్టి, వెనిగర్‌లో పెన్ను ఇంకు కలిపి దాంట్లో ముంచి, కాలేజీ మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోటో పంపినాడు. వేరు లోపల అంతా నీలం దారాలు! కణంలో బుల్లి చెట్టు మాదిరి కొమ్మలేసుకొని కూర్చుండాది. బూజంట, వేరుతో దాని సావాసానికి పేరు మైకోరైజా. మేమేమో బూజంటే మొదలుకుళ్ళు ఒకటే అనుకొని విత్తనానికి ముందే మందు పట్టిస్తాంటిమి.

వేరు తన చుట్టూ మిల్లీమీటరో రెండో ఊడ్చుకున్నాక ఇంక భాస్వరం దొరకదు, అది నీళ్ళ మాదిరి పారొచ్చేది కాదు, ఎర్రమట్టిలో ఇనుము పట్టేసుకుంటాది. అప్పుడు వెంట్రుక కంటే సన్నటి ఈ దారాలు వేరు దూరలేని సందుల్లో దూరి సెంటీమీటర్ల దూరం నుంచి మోసుకొస్తాయి. కూలి డబ్బులు కాదు, ఆకు వండిన చక్కెర, కాస్త కొవ్వు. 40 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో కూడా ఈ సావాసం కనపడిందంట, 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే ఆయన పేరు పెట్టేదాకా పాపం పేరు కూడా లేదు.

మీరేమో 46 శాతం ఫాస్ఫేటు అని ఒంటి మీద అచ్చేసుకొని వస్తారు, వచ్చినాక చానా భాగం మట్టికే అతుక్కుపోతారు. అది కూడా ఓర్చుకుంటాం గానీ, భాస్వరానికి ఆకలైతేనే వేరు బూజుకి కబురు పంపేది, మీరొచ్చి కడుపు నింపితే కబురు ఆపేస్తాది. నాయన కాలం నుంచి ఏటా మిమ్మల్ని పోసి పోసి ఊరికే పనిచేసే కూలోళ్ళని మేమే తరిమేసినాం.

బూజు భాస్వరాన్ని పుట్టించదు, ఉన్నదే తెస్తాది, అది నాకూ తెలుసు. అందుకే మట్టి పరీక్షకి ఇచ్చినా, కాగితం వచ్చేదాకా మీరు వసారాలోనే కూర్చోండి. ఖాళీ సంచి అయినాక మాత్రం తప్పకుండా లోపలికి రండి, చింతపండు పోసుకోను మా అమ్మ అప్పుడే అడుగుతాంది.