అరిగేదాకా నోరెత్తని మోకాలి గుజ్జు గారికి

కుడి మోకాలి గుజ్జు గారికి,

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు నమస్కరించి రాయునది. లేచి నిలబడి కాదు, కూర్చునే నమస్కరిస్తున్నాను. ఏమీ అనుకోకండి.

ఈరోజు మధ్యాహ్నమంతా మీ పని మీదే పోయింది. టోకెన్, ఎక్స్‌రే, మళ్లీ టోకెన్. చివరికి ఆర్థో డాక్టరు ఫిల్మును లైటు మీద పెట్టి, రెండు ఎముకల మధ్య సన్నటి నల్లగీతను పెన్నుతో చూపించి, "ఇదిగో మేడమ్, మీ గుజ్జు" అన్నాడు. అక్కడ ఏమీ లేదు. ఎక్స్‌రేలో మీరు పడరట. ఎముకల మధ్య ఖాళీని బట్టి మీరెంత మిగిలారో లెక్క కడతారట. బయటివైపు కాస్త ఖాళీ ఉంది, లోపలివైపు ఎముక ఎముకకు ఆనుకుంది. ఉన్నన్నాళ్లూ ఖాళీలాగా కనపడి, చివరికి ఆ ఖాళీ కూడా లేకుండా పోయినవాళ్లను మిమ్మల్నే చూశాను.

అరగడం మీ తప్పు అని నేననను. బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డ ఏళ్లు, మేడారం నడకలు, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర వంగి వంగి చప్పట్లు కొట్టిన రాత్రులు. మెట్లెక్కితే ఒంటి బరువుకు మూడింతలు మీ మీదే పడుతుంది. మీ మందం చూస్తే 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?

చెప్పకపోవడానికి డాక్టరు చెప్పిన కారణం వింటే ఒళ్లు మండింది. మీలో నరాలే లేవట. సగం అరిగినా మీకు నొప్పి లేదు, నాకు కబురు లేదు. చుట్టూ ఉన్న పొర వాచి, కింద ఉన్న ఎముక దెబ్బతిని, అవి గోల పెడితే గానీ నాకు తెలియలేదు. అంటే మీ మీద ఫిర్యాదు కూడా పక్కవాళ్లే ఇచ్చారు.

ఎముకను చూసి నేర్చుకోండి. మొన్న మా చెల్లె కొడుకు కాజీపేటలో బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ ఎముక వాడితో వీధంతా వినేటట్టు కేకలు పెట్టించింది, వాచింది, వెంటనే పనిలోకి దిగింది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది. తర్వాత మెత్తటి అతుకు పడుతుంది. వారాల్లో అది గట్టి ఎముకవుతుంది. ఇక నెలల తరబడి, ఎక్కువైన ఎముకను ఒక రకం కణాలు కొరికేస్తుంటే, కావాల్సినచోట ఇంకో రకం కణాలు కట్టుకుంటూ పోతాయి. చివరికి మచ్చ కూడా మిగలదు. వాడు అప్పుడే బండి తాళాలు అడుగుతున్నాడు.

ఆ మెత్తటి అతుకు దేనితో పడుతుందో తెలుసా? నీతోనే! ఎక్కడ ఎముక విరిగినా గుజ్జు తయారై వంతెన కడుతుంది. నా మోకాలికి రమ్మంటే మాత్రం రావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

రక్తనాళాలు కూడా లేవు కదా నీకు. దెబ్బ తగిలినచోటికి రక్తం రాదు, రక్తం రాకపోతే బాగుచేసేవాళ్లు రారు. ఉన్న నాలుగు కణాలూ ఎవరి గూట్లో వాళ్లు ఇరుక్కుని కదలవు. 1743లోనే లండన్‌లో విలియం హంటర్ అనే డాక్టరు, నువ్వు ఒకసారి పాడైతే మళ్లీ బాగుపడవని రాసిపెట్టాడు. ఆయన మాట అబద్ధం చేద్దామన్న పౌరుషం కూడా లేదు నీకు. చిన్న గాయమైతే కింది ఎముకకు చిల్లులు పొడిచి రక్తం రప్పిస్తారట. అప్పుడు కూడా నువ్వు పంపేది నాసిరకం సరుకే. మా సార్లు మెలిపెట్టిన చెవుల్లోని నీ చుట్టాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నీకేం రోగం?

ఇంటికొస్తే సలహాలు వేరే. ఆడపడుచు ఫోన్ చేసి, రాత్రి బెండకాయలు నానబెట్టి పొద్దున ఆ జిగురు నీళ్లు తాగమంది. పక్కింటావిడ మేక కాళ్ల షోర్వా అంది. పొట్టలోకి పోయింది ఏదీ తిన్నగా మోకాల్లోకి వెళ్లి అంటుకోదు. అయినా షోర్వా తాగాను, రుచిగా ఉంది.

పూర్తిగా తిట్టబుద్ధి కూడా కావట్లేదు. అమ్మ కడుపులో నా తొడ ఎముక మొదట నువ్వే, నిన్ను అచ్చుగా పెట్టుకుని ఎముక తర్వాత వచ్చింది. బడి తెరిచే ముందు అమ్మ నా పరికిణీ కింది మడత కుట్లు విప్పి పొడుగు చేసేదంటే, ఎముకల చివర నువ్వు పెరుగుతూ, పెరిగిన చోటును ఎముకకు వదిలేస్తూ వచ్చినందుకే. ఈడొచ్చాక ఆ జాగా అంతా ఎముకకు అప్పజెప్పేసి, కీళ్ల దగ్గర ఈ కాస్త పొర ఉంచుకున్నావు. దాని మీదే, మంచు మీద మంచు జారేదానికన్నా తక్కువ రాపిడితో ఇన్నాళ్లూ నన్ను నడిపించావు.

రేపటి నుంచి టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి నొక్కాలి. తొడ కండ గట్టిపడితే నీ మీద భారం తగ్గుతుందట. నడవాలి కూడా. అడుగు పడ్డప్పుడు నీలోని నీరు బయటికి పోయి, లేచినప్పుడు తిండితో సహా లోపలికి వస్తుందట. నడిస్తే నాకు నొప్పి, నడవకపోతే నీకు పస్తు. నీకు అన్నం పెట్టడానికి నేను పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద తిరగాలన్నమాట.

తిరుగుతాను. కానీ మిగిలింది కూడా చెప్పాపెట్టకుండా పోయిందో, నీ జాగాలో లోహపు తొడుగు, ప్లాస్టిక్ ముక్క పెట్టిస్తా. వాటికీ నరాలుండవు. లోహమైనా ఎక్స్‌రేలో కనపడుతుంది.

ఇట్లు,
నీ యజమానురాలిననుకుంటున్న
లెక్కల టీచరు, హనుమకొండ

తా.క.: ఈ లేఖ నకలు ఎడమ మోకాలికి కూడా పంపుతున్నాను. ఆవిడా ఇంతవరకు ఒక్క మాట అనలేదు.